సిలబస్ తల్లికి దండం

అమ్మా, సిలబస్ తల్లీ! ముందుగా నీకు దండం. నీ ఉప్పు తిన్నవాణ్ణి. నెల్లూరు తీరాన, సముద్రం హోరు కిటికీలోంచి తరగతిలోకి వచ్చే బళ్లలో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి బతికాను. నా ఇల్లు నిలబడిందన్నా, నా పిల్లలు చదువుకున్నారన్నా నీ చలవే. నిన్ను నోరారా పొగడాలని ఇవాళ కూర్చున్నాను. మన సాహిత్యంలో నిందాస్తుతి అని ఒక దారి ఉంది. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో వెలిసిన ఆంధ్రవిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి శతకమంతా ఆ దారినే నడిపాడు. గోల్కొండ చెరసాల్లో కూర్చుని గోపన్న తాను రాముడికి చేయించిన నగలన్నీ పేరుపేరునా లెక్క చెప్పాడు. నమ్మకం లేనివాడికి అంత చనువు రాదు. నాదీ ఆ చనువే. నా పొగడ్తల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని నువ్వే తూచుకో.

నీ మొదటి గుణం సమదృష్టి. తడ నుంచి ఇచ్ఛాపురం దాకా, పాడేరు కొండ మీది పిల్లకీ పులికాట్ ఒడ్డు పిల్లకీ ఒకటే పుస్తకం. అన్నయ్య చదివి చింపిన పుస్తకం తమ్ముడికి అతుకులేసి ఇచ్చిన రోజులు చూసినవాణ్ణి. అందరికీ కొత్త పుస్తకం, అదీ ఉచితంగా, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ అంటే అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. జూన్‌లో బడి తెరిచిన రోజు కట్టలు విప్పి పంచుతుంటే, చేపల గంప గేటు దగ్గర దించి వచ్చిన ఒక తల్లి చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని బిడ్డ పుస్తకం అందుకుంది. ఆమెకు చదువు రాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్క బొమ్మా చూసి, మూసి, కళ్లకద్దుకుని ఇచ్చేసింది. ఆ కళ్లకద్దుకోవడం నీకే, తల్లీ.

ఆమె బొమ్మలన్నీ చూసింది. తన ఊరు మాత్రం అందులో కనపడలేదు. ఎవరికీ ఎక్కువ పెట్టకుండా, ఎవరికీ తక్కువ చెయ్యకుండా వడ్డించే చెయ్యి నీది. అలాంటి చేతికి కొండా ఒకటే, కడలీ ఒకటే అయిపోయింది.

నీ రెండో గుణం చూపు దూరం. ఎంత దూరం చూస్తావమ్మా! పై తరగతులకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చాక ఆ చూపు ఇంకా సాగింది. పదో తరగతి చరిత్ర తెరవగానే ఫ్రెడెరిక్ సోర్యూ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1848లో వేసిన బొమ్మ ఉంటుంది. యూరప్, అమెరికా జనమంతా, జాతి జాతికీ ఒక జెండా పట్టుకుని, స్వేచ్ఛ విగ్రహం వైపు వరసగా నడిచిపోతుంటారు. ఎంత మంచి బొమ్మ! ఆ పాఠం చెప్పడం నాకు ఇష్టం. పట్టపుపాలెం పిల్ల ఒకతి ఆ ఏడాదిని ఎప్పుడడిగినా తడుముకోకుండా చెప్పేది. ఇంట్లో వాళ్లు అరవం కలిసిన మాట మాట్లాడుకుంటారు, బళ్లో తెలుగు, పుస్తకంలో సగం ఇంగ్లిష్. మూడు భాషలు దాటి వచ్చి ఆ పిల్ల ఫ్రాన్స్ విప్లవం నేర్చుకుంది. దాని వెనక ఉన్న శ్రమ నీదీ, ఆ పిల్లదీ.

ఒక డిసెంబరులో వాళ్ల నాయన వేటకి పోయిన బోటు రాత్రికి తిరిగి రాలేదు. తెల్లారి బడికి వచ్చింది కానీ బల్ల మీద తల వాల్చి కూర్చుంది. "ఎవరికన్నా ఫోన్ చేసినారా?" అని అడిగాను. "ఎవరికి చెయ్యాల సార్?" అంది. నా దగ్గరా జవాబు లేదు. మధ్యాహ్నానికి ఇంకో బోటు వాళ్లు ఇంజన్ ఆగిపోయిన బోటుని తాడు కట్టి లాక్కొచ్చారు. దేవుడి దయ. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్‌కి చేసే నంబరు ఒకటుందని, అది 1554 అని ఆ తర్వాత తెలుసుకున్నాను. నాలుగంటే నాలుగు అంకెలు. 1848 కూడా నాలుగే అంకెలు. ఆ పిల్ల మెదడులో రెండింటికీ చోటుంది. నువ్వు ఒకటి ఇచ్చావు, అది చక్కగా దాచుకుంది. రెండోది నువ్వు ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

నీ మూడో గుణం నిండుతనం. నీలో లేని అంశం లేదంటే అతిశయోక్తి కాదు. భద్రత చదువు నీలో లేదనే నింద ఎవరైనా వేస్తే నేను ఒప్పుకోను. భుజ్ భూకంపం 2001లో వస్తే 2003కల్లా సీబీఎస్‌ఈ ఎనిమిదో తరగతిలో విపత్తుల పాఠం పెట్టింది. 2004 జూలైలో కుంభకోణం బడిలో 94 మంది పసిపిల్లలు కాలిపోయారు. ఆ కేసు వెంట నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో, చదువుకునే హక్కులో భద్రమైన బడి హక్కు కూడా ఉందని తేల్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో బడుల భద్రతకి మార్గదర్శకాలు రాసింది. తుఫాను అంటే ఏమిటి, సునామీ అంటే ఏమిటి, భూకంపం అంటే ఏమిటి, అన్నిటికీ నిర్వచనాలున్నాయి. మా పిల్లలు అవి రాసి మార్కులు తెచ్చుకున్నారు. నేనే దిద్దాను.

అట్లా దిద్దే రోజుల్లోనే అక్టోబరు చివర బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఊళ్లో మైకు కట్టిన ఆటో తిరుగుతోంది. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెబుతోంది. వెనక బల్ల కుర్రాడు లేచి, "సార్, మూడంటే ఏంది? ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా ఏంది? మా నాయన అడిగి రమ్మన్నాడు" అన్నాడు. నేను ఆ రోజు పోర్షన్‌లో వెనకబడి ఉన్నాను. మరుసటి వారం ఇన్‌స్పెక్షన్. "పరీక్షలో రాదులే, కూర్చో" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ కుర్రాడి ప్రశ్నలో ఒక ఏడాది భూగోళం ఉంది. ఒకటి, రెండు నంబర్లంటే తుఫాను ఎక్కడో దూరాన ఉందని. మూడు, నాలుగు అంటే ఈ రేవుకే గాలి ముప్పు ఉందని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహాప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా తీవ్రతలో కాదు, పక్కలో ఉంది. తుఫాను నడిచే దారికి రేవు ఎడమన పడితే ఎనిమిది, కుడిన పడితే తొమ్మిది, తుఫాను రేవు మీదే లేదా దాని పక్కనే దాటితే పది. తూర్పు నుంచి వచ్చి మన తీరం దాటే తుఫానుకి కుడిపక్క అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఉప్పెన అటే ఎక్కువ. ఎడమపక్క గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. కనక తుఫాను శ్రీహరికోట దగ్గర దాటుతుందంటే మైపాడు వాడు ఎక్కువ భయపడాలి, కావలి దగ్గర దాటుతుందంటే అతని మీద ఉప్పెన భారం తక్కువ. పటంలో ఒక గీత గీసి చూపిస్తే ఏడో తరగతి పిల్లకి అర్థమయ్యే సంగతి ఇది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. 2021 నవంబరులో పెన్నమ్మ పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద నేలే కొట్టుకుపోయింది. ఇవన్నీ మా పిల్లలు కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి. వాటికి నువ్వు ఒక్క గీత గీసిచ్చి ఉంటే చాలు.

2004 డిసెంబరు 26 ఆదివారం. సునామీకి మా తీరంలోనూ ప్రాణాలు పోయాయి. అదే రోజు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లిష్ పిల్ల సముద్రం నురగలు కక్కుతూ తీరు మారడం చూసి, సునామీ వస్తోందని తల్లిదండ్రుల్ని పట్టుకుని కేకలు పెట్టింది. బీచ్ ఖాళీ చేయించారు. సుమారు వంద మంది బతికారు. రెండు వారాల కిందట బళ్లో వాళ్ల భూగోళం మాస్టారు ఆ పాఠం చెప్పాడు, అంతే. ఒక్క పీరియడ్. ఆ మాస్టారి మీద నాకు అసూయ. ఆ అసూయ ఇరవై ఏళ్లయినా పోలేదు.

ఇంకో సంగతి కూడా విను తల్లీ. ఇండోనేసియాలో అచే రాష్ట్రానికి చేరిన సిములూ అని ఒక దీవి ఉంది. ముస్లింల దీవి. భూకంప కేంద్రానికి కూతవేటు దూరం. 1907లో అక్కడ ఒకసారి సునామీ వచ్చి జనం చచ్చిపోయారు. మిగిలినవాళ్లు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పిల్లలకి కథలుగా, పాటలుగా చెప్పుకుంటూ వచ్చారు. 2004లో డెబ్బై వేలకి పైగా ఉన్న ఆ దీవి జనంలో అలకి పోయినవాళ్లు పదిమంది లోపే. పుస్తకం లేదు, పరీక్ష లేదు. తాతలు, అవ్వలే సిలబస్. మా పాలేల్లోనూ అలాంటి తాతలున్నారు. మబ్బు రంగు చూసి, నీటి వాలు చూసి వేట మానేసేవాళ్లు. వాళ్లు బడి గేటు దాటి లోపలికి వచ్చిన రోజు నా సర్వీసులో ఒక్కటీ లేదు. వాళ్లని రావద్దని నువ్వు అనలేదు. రమ్మనీ అనలేదు.

2008లో ముంబయి మీదికి సముద్రం దారినే హంతకులు వచ్చాక తీరం కాపలా పెరిగింది. మెరైన్ స్టేషన్లు, బోట్లకి రంగులు, మత్స్యకారులకి గుర్తింపు కార్డులు, 'సాగర్ కవచ్' విన్యాసాలు వచ్చాయి. కొత్త బోటు కనిపిస్తే చెప్పమని, మీరే దేశానికి కళ్లు, చెవులు అని పాలేల పెద్దల్ని కూర్చోబెట్టి చెప్పారు. మంచి మాట. ఆ కళ్లకి, చెవులకి పుట్టిన పిల్లలు మాత్రం తొమ్మిదిన్నరకి బడికి వచ్చి దేశ భద్రత అంటే ఎక్కడో మంచు కొండల మీది సంగతి అనుకుని సాయంత్రం ఇంటికి పోతారు.

ఇక నీ నాలుగో గుణం, అన్నిటికన్నా పెద్దది: నిగ్రహం. మతం జోలికి పోవు. రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదంది. నువ్వు ఆ గీత దాటలేదు. ఈ కాలంలో అది చిన్న సంగతి కాదు. నీ నిగ్రహానికి నేను నిజంగా చేతులెత్తి మొక్కుతాను. ఎవరి దేవుణ్ణీ ఎవరి బిడ్డ మీదా రుద్దలేదు నువ్వు.

కానీ బోధించడం వేరు, తెలియజెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి తెలుసుకోవడం 28వ అధికరణకి విరుద్ధం కాదనే అంది. పక్కింటివాడి పండగేమిటో, ఉపవాసమెందుకో తెలుసుకోవడానికి అడ్డమేముంది? ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్న గీత మీద నడవడం కష్టమని నువ్వు అటువైపే రాకుండా ఉండిపోయావు. ఏడో తరగతి చరిత్రలో ఢిల్లీ సుల్తానులు వచ్చారు, మొఘలులు వచ్చారు. గుర్రాలెక్కి, కత్తులు పట్టుకుని వచ్చారు. మా పిల్లకి ఇస్లాం అంటే పుస్తకంలో ఎక్కువగా దొరికింది అదే. అదే పిల్ల పక్కింట్లో ఖీర్ తిని, అదే పిల్ల తల్లి బిడ్డకి జ్వరమొస్తే దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చింది.

మా నెల్లూరులో మతం పుస్తకం కోసం ఆగలేదు. హాజరు పట్టీ తెరువు. మస్తానయ్య అని ఉంటుంది, మస్తానమ్మ అని ఉంటుంది. సగం మంది హిందువుల పిల్లలు. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టారని ఆ పేరు. తమ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లలకి ఇంట్లో తెలుసు, బళ్లో తెలియదు. అసలు 'హాజరు' అన్న మాటే అరబీ నుంచి వచ్చింది. జిల్లా అన్నదీ అంతే. కాగితం పారసీ కాగజ్ తమ్ముడు. రోజూ పొద్దున బడి మొదలయ్యేదే అరబీ మాటతో. ఎనిమిదో తరగతిలో నువ్వు పెట్టిన బీజగణితాన్ని పిల్లలు ఆల్జీబ్రా అంటారు. ఆ పేరు బాగ్దాదులో కూర్చుని అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోంచి ఊడిపడింది. ఇవి చెప్పడానికి మతబోధ ఎందుకు, ఒక వాక్యం చాలదా?

రొట్టెల పండగ సంగతే తీసుకో. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా. గండవరం పోరులో ప్రాణాలిచ్చిన పన్నెండుమంది వీరుల సమాధులని ఐతిహ్యం. మొహర్రం నాళ్లలో లక్షల జనం. 2015లో రాష్ట్ర పండగ చేశారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి పుచ్చుకుంటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె. మోకాళ్ల లోతు నీళ్లలో తల మీద కొంగు కప్పుకున్న హిందూ ఇల్లాలు, బురఖాలో ఉన్న ఇల్లాలు ఎదురెదురుగా నిలబడి, ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే రొట్టె మార్చుకుంటారు. నేను చూస్తుండగా ఒకామె రొట్టె అందుకుని, నలుగురు పిల్లల తలల మీదా తాకించి, ఒక్కొక్క ముక్క తుంచి నోట్లో పెట్టింది. ఏ రొట్టె అమ్మా అంటే, "సదువు రొట్టె సార్, పెద్దోడు పదోది" అంది.

2023లో మొహర్రం జూలై 29న వచ్చింది. 2024లో జూలై 17న. 2025లో జూలై 6న. ఏటా ఎందుకు ముందుకు జరుగుతోందని నా దగ్గర చదివిన ఒక కుర్రాడు అడిగాడు. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులు, సూర్యుడి లెక్కన 365, తేడా పదకొండు. మన పంచాంగం అధికమాసం వేసి ఆ తేడా సర్దుకుంటుంది, హిజ్రీ లెక్క సర్దుకోదు, అందుకే వాళ్ల పండగ అన్ని రుతువుల్లోనూ తిరుగుతుంది. ఆ రోజు నల్లబల్ల మీద రెండు వలయాలు గీసి ఈ సంగతి చెప్పాను. నా సర్వీసులో పిల్లలు గంట కొట్టినా లేవని పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది వాటిలో ఒకటి. జకాత్ నలభయ్యో వంతు, అంటే వందకి రెండున్నర. శాతాల లెక్కకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ ఊళ్లో దొరుకుతుంది? నెల్లూరు నుంచి నమాజుకి ఏ దిక్కుకి తిరుగుతారో భూగోళం గోళం మీద దారం పెట్టి చూపించొచ్చు. సైన్సు, లెక్కలు, భూగోళం, ఇరుగుపొరుగు, అన్నీ ఒక్క పండగలో ఉన్నాయి.

తెల్లారి అయిదింటికి మసీదుకి పోయి అలిఫ్ బే దిద్దుకుని, తొమ్మిదింటికి నా తరగతికి వచ్చే పిల్లలు ఉండేవాళ్లు. రెండు బళ్లు, రెండు సిలబస్‌లు. ఒకదానికి ఇంకోటి తెలియదు. కేంద్రం 2009లో మదరసాలకి లెక్కలు, సైన్సు చెప్పే టీచర్ల కోసం పథకం పెట్టింది. అది నీ ఉదారత. ఇచ్చావు. వాళ్ల దగ్గర నుంచి పుచ్చుకున్నదేమిటి? చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ని తెలుగు చేశాడు. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యాలు రాసి, పారసీ నుంచి ఉమర్ ఖయ్యాంని తెచ్చాడు. ఉర్దూ ఒక్క ముక్క రాని దూదేకుల ఇళ్లలో ఆ పుస్తకాలు ఎంత అపురూపంగా దాచుకుంటారో నువ్వు ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరు ఉంది. అక్కడి చట్టం ప్రకారం మతాల గురించి బడిలో ఏం చెప్పాలో దేశం రాజధాని రాయదు, ఆ ప్రాంతంలో ఉన్న మతాల పెద్దలు, టీచర్లు, స్థానిక పాలకులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకుని రాయాలి. 1975లో ఆ ఊరు రాసిన సిలబస్‌లో క్రైస్తవంతో పాటు ఇస్లాం, హిందూ, సిక్కు మతాలకీ చోటిచ్చారు. గొడవలు కాలేదా? అయ్యాయి. వాదించుకున్నారు, మార్చారు, నిలబెట్టారు. మన కేరళలో సమస్త అనే ముస్లిం పండితుల సంస్థ వాళ్లు 1951లో మత విద్యాబోర్డు పెట్టుకుని తరగతుల వారీగా పుస్తకాలు, పరీక్షలతో మదరసాలు నడుపుతున్నారు; పొద్దున మదరసా, తర్వాత మామూలు బడి. ఎవరి దారి వాళ్లది. నేను అడిగేది బర్మింగ్‌హామ్ బల్ల. నెల్లూరులో దానికి కుర్చీలు వెయ్యడం కష్టం కాదు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లు ఏటా చెరువు దగ్గర కలుసుకుంటూనే ఉన్నారు.

నీ గుణాల్లో జాగ్రత్త కూడా ఉంది. దాన్ని నేను అర్థం చేసుకోగలను. పాఠం ఊరిని తాకితే ఏమవుతుందో మా జిల్లాలో ఒకసారి చూశావు కదా. 1990-91లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిళ్లు లాంతర్ల కింద ఆడవాళ్లు పలకలు పట్టుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. మొగుడి సారా వల్ల నాశనమైన ఇంటి కథ. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్లోకి సారా రానివ్వలేదు. వాళ్లని నడిపించిన రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1992కల్లా నెల్లూరు జిల్లా ఊగింది, తర్వాత రాష్ట్రం ఊగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం. ఒక్క పాఠం, తల్లీ. అప్పుడే అక్షరం దిద్దిన చేతులు సర్కారు ఖజానా తలుపు తట్టాయి.

అది కూడా నీ బిడ్డే. నీ కడుపున పుట్టినదే. ఎంత గర్వపడాలి నువ్వు! దూబగుంటని కదిలించిన పాఠం లాంటిది ఒక్కటి మళ్లీ నీ పేజీల్లో పుడుతుందేమోనని నేను పాతికేళ్లు ఎదురుచూశాను. ప్రతి జూన్‌లోనూ కొత్త కట్ట విప్పుతూ మొదట వెతికింది దాన్నే.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లో మొదటి సూత్రం ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు: బడి లోపలి జ్ఞానాన్ని బడి బయటి జీవితానికి ముడివెయ్యాలి. ఆ వాక్యాన్ని నేను ట్రైనింగులో రాసుకున్న నోటుబుక్ ఇంకా నా దగ్గరుంది. సిరా వెలిసింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ మాట రాసింది నువ్వే. రాసిన రోజు నువ్వు మా ఒడ్డున నిలబడి రాసినట్టే అనిపించింది నాకు. దాన్ని అమలు చెయ్యాల్సిన నా వంటివాళ్లకి చేతికి వచ్చింది మాత్రం పోర్షన్ పట్టిక, ఎఫ్‌ఏ మార్కుల జాబితా, బిట్ల బ్యాంకు. కాంప్లెక్స్ మీటింగులో పోర్షన్ ఎంతైందని అడిగారు. తీరంలో పిల్లలకి 1554 వచ్చా అని ముప్ఫై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నేను చెప్పి ఉండేవాణ్ణి. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ తప్పు నాదే, కానీ ఆ తప్పు చెయ్యడం నాకు అంత తేలిక కాకుండా ఉండాల్సింది.

నేను పెద్ద కోరికలు కోరడం లేదు. ప్రతి జిల్లాకీ పుస్తకం చివర పది పేజీలు వదిలిపెట్టు. ఖాళీగా కాదు, జిల్లా వాళ్లు రాసుకునేందుకు. మా పది పేజీల్లో హెచ్చరిక నంబర్లు, తుఫాను కుడీ ఎడమల పటం, 1554, తుఫాను షెల్టరుకి దారి, పాలెం తాత చెప్పిన మబ్బు గుర్తులు, రొట్టెల పండగ, చంద్రుడి లెక్క, మస్తానయ్య పేరు కథ, రోశమ్మ ఉంటాయి. రాసేవాళ్లు దొరుకుతారు. పరీక్షలో వాటికి పది మార్కులు పెట్టు. పెడితేనే నా వంటి మాస్టార్లు చెబుతారు, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చే మొహర్రానికి ఒక్కసారి నెల్లూరు రా తల్లీ. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది. బిడ్డల చేతులు పట్టుకున్న తల్లుల వెనక నువ్వూ నిలబడు. కులమూ మతమూ అడగరు, ఎక్కడి నుంచి వచ్చావనీ అడగరు. రొట్టె పుచ్చుకో. కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. ఇక్కడి ఆచారం అది.